రీసెర్చ్ ప్రొఫెసర్ పోస్టు వస్తే సెటిలైపోయినట్టేనా?

అమెరికాలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేస్తున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "పోస్ట్‌డాక్‌గా ఏళ్లు వృథా చేసుకోకండి. మీ బాస్‌ని అడిగి రీసెర్చ్ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా (ప్రధానంగా పరిశోధన చేసే ఫ్యాకల్టీ పోస్టు) మారిపోండి. ఒకసారి ఫ్యాకల్టీ అయ్యాక టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ భద్రత) దానంతటదే వస్తుంది. జీతం యూనివర్సిటీదే. హెచ్-1బీకి లాటరీ లేదు, ఈబీ-1లో (ప్రత్యేక ప్రతిభ ఉన్నవాళ్ల కేటగిరీ) ఏడాదికల్లా గ్రీన్ కార్డు. ఇండియాకి తిరిగెళ్లినా నేరుగా ప్రొఫెసరే." ఇందులో లాటరీ ముక్క నిజం. మిగతాది నమ్మి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేవాళ్లు ఉన్నారు కాబట్టే ఇంత రాయాల్సి వస్తోంది.

టెన్యూర్ సంగతి చిన్నదే. అది దానంతటదే రాదు, ఈ దారిలో అసలు రాదు. అమెరికన్ అధ్యాపకుల సంఘం ఏఏయూపీ, కాలేజీల సంఘం కలిసి 1940లో చేసిన ప్రకటన ప్రకారం ప్రొబేషన్ ఏడేళ్లు మించకూడదు. మనిషిని ఉంచుకుంటారో పంపిస్తారో ఆలోపు తేల్చాలి. టెన్యూర్ ట్రాక్, అంటే టెన్యూర్‌కి దారితీసే ఉద్యోగాలు, నడిచేది ఈ లెక్క మీదే. రీసెర్చ్ ట్రాక్‌లో ఆ గడువే ఉండదు. అసోసియేట్, ఆపైన ఫుల్ రీసెర్చ్ ప్రొఫెసర్‌గా ప్రమోషన్ రావచ్చు గానీ, మామూలుగా ఏడాదికో రెండేళ్లకో నియామకాన్ని పొడిగిస్తూ పోవడమే. టెన్యూర్ ట్రాక్‌లోకి మారాలంటే చాలాచోట్ల ప్రకటన పడినప్పుడు బయటివాళ్లతో పాటు మీరూ దరఖాస్తు పెట్టాల్సిందే.

అసలు మోసమంతా జీతం దగ్గరుంది. పే స్లిప్ యూనివర్సిటీ పేరుతోనే వస్తుంది, డబ్బు మాత్రం ఎక్కువ భాగం గ్రాంటుది, అంటే ఒక ప్రాజెక్టుకు గడువు పెట్టి బయటి సంస్థ ఇచ్చే నిధులది. వాళ్ల భాషలో సాఫ్ట్ మనీ. ఆఫర్ లెటర్‌లో "నిధుల లభ్యతను బట్టి" అనే అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. ఉత్తరం మొత్తంలో ముందు చదవాల్సింది అదే. ఎన్ఐహెచ్ (ఫెడరల్ ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) వాళ్ల ఆర్-01 అనే పరిశోధన గ్రాంటు సాధారణంగా ఐదేళ్ల లోపే. అది మీ బాస్ పేరున ఉండి, రెన్యువల్ కాకపోతే, మీ "ఫ్యాకల్టీ పోస్టు" కూడా అక్కడితో సరి. వైద్య పరిశోధనలో ఉంటే కనీసం ఎన్ఐహెచ్ గ్రాంటు మీద జీతంలో పెద్ద వాటా పెట్టుకోవచ్చు. ఫిజిక్సో ఇంజనీరింగో అయితే ఇంకో చిక్కు. ఎన్ఎస్ఎఫ్ (సైన్స్, ఇంజనీరింగ్ పరిశోధనకు నిధులిచ్చే ఫెడరల్ సంస్థ) సాధారణంగా ఒక సీనియర్ పరిశోధకుడికి తన గ్రాంట్లన్నీ కలిపినా ఏడాదికి రెండు నెలల జీతమే ఇస్తుంది. అంతకు మించి కావాలంటే కారణం చూపించి ఒప్పించుకోవాలి. మిగతా పది నెలలు ఎవరిస్తారు?

ఇంకో విచిత్రం ఉంది, దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. ఫెడరల్ గ్రాంటు మీద నూటికి నూరు శాతం జీతం తీసుకుంటున్నవాళ్లు ఆ పనిగంటల్లో కొత్త గ్రాంటుకి ప్రపోజల్ రాయకూడదు. ఆ ఖర్చు పాత గ్రాంటు మీద వేయడం నిబంధనలకు విరుద్ధం. కానీ కొత్త గ్రాంటు రాకపోతే ఉద్యోగమే ఉండదు. అందుకే కొన్ని యూనివర్సిటీలు జీతంలో ఐదు శాతమో పది శాతమో సొంత నిధుల్లోంచి ఇస్తాయి. మీకు ఆఫర్ ఇస్తున్న డిపార్ట్‌మెంట్ ఆ ఐదు శాతమైనా ఇస్తుందా, గ్రాంటుకీ గ్రాంటుకీ మధ్య ఖాళీ వస్తే ఎన్ని నెలలు భరిస్తుంది, మీ పేరు మీద పీఐగా (గ్రాంటుకి బాధ్యత వహించే ప్రధాన పరిశోధకుడిగా) దరఖాస్తు పెట్టుకోనిస్తుందా, ఈ మూడూ మెయిల్‌లో అడిగి మెయిల్‌లోనే జవాబు తీసుకోండి. మాటల్లో "చూద్దాంలే" అంటే లేదనే లెక్క.

ఇదంతా ఊరికే భయపెట్టడం అనుకునేవాళ్లు 2025 గుర్తు చేసుకోవాలి. కొలంబియా యూనివర్సిటీకి ఫెడరల్ ప్రభుత్వం సుమారు 40 కోట్ల డాలర్ల గ్రాంట్లూ కాంట్రాక్టులూ రద్దు చేసింది. మే నెలలో ఆ గ్రాంట్ల మీద పూర్తిగానో కొంతమేరకో జీతాలు తీసుకుంటున్న దాదాపు 180 మందిని యూనివర్సిటీ తీసేసింది.

వీసా విషయంలో సగం నిజం, సగం ఊహ. 2000 నాటి చట్టం వల్ల యూనివర్సిటీల హెచ్-1బీకి కోటా పరిమితి లేదు, లాటరీ లేదు. అయితే ఆ సౌకర్యం ఉద్యోగానిదే, మీది కాదు. రేపు కంపెనీకి మారాలంటే లాటరీలో నిలబడాల్సిందే. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి అందరిలాగే గరిష్ఠంగా 60 రోజులు. బయటి దేశాల్లో ఉన్నవాళ్ల కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలన్న 2025 సెప్టెంబరు ప్రకటనలోనూ యూనివర్సిటీలకు ప్రత్యేక మినహాయింపేమీ ఇవ్వలేదు.

గ్రీన్ కార్డు దగ్గర ఫార్వర్డ్ పూర్తిగా బోల్తా పడింది. ఈబీ-1లో పరిశోధకుల కేటగిరీకి మూడేళ్ల అనుభవంతో పాటు "శాశ్వత" ఉద్యోగం కావాలి. టెన్యూర్ లేని పరిశోధన పోస్టైతే అది కాలపరిమితి లేనిదై ఉండాలి, సరైన కారణం లేకుండా తీసెయ్యరన్న నమ్మకం ఉండాలి. ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టుతోనూ కొందరికి వచ్చింది. నిధులు కొనసాగుతాయని యూనివర్సిటీ ఆధారాలు చూపిస్తే ఒప్పుకోవచ్చని 2006లోనే ఇమిగ్రేషన్ శాఖ చెప్పింది. ఆ ఆధారాలు మీ యూనివర్సిటీ ఇస్తుందా అన్నదే ప్రశ్న. అన్నీ కుదిరి పిటిషన్ ఆమోదం పొందినా, భారతీయులకు ఈబీ-1 క్యూ 2025లో ఎక్కువ నెలలు 2022 ఫిబ్రవరి దగ్గరే ఆగింది, అంటే అంతకుముందు దరఖాస్తు పెట్టినవాళ్లకే వంతు వచ్చింది. ఏడాది ఎక్కడ? ఇక గ్రీన్ కార్డుకి ఇంకో దారిలో కార్మిక శాఖ నుంచి తెచ్చుకోవాల్సిన లేబర్ సర్టిఫికేషన్‌లో కాలేజీ టీచర్లకున్న సులువైన దారి, పాఠాలు చెప్పే పని ఉన్నవాళ్లకే. పరిశోధన మాత్రమే చేసేవాళ్లకు వర్తించదు.

పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఈ పోస్టుని కొట్టిపారేయను. సొంత గ్రాంటు చేతిలో ఉండి, పాఠాలు చెప్పడం ఇష్టం లేనివాళ్లకి ఇది మంచి ఉద్యోగమే. కాలిఫోర్నియా యూనివర్సిటీలో పరిశోధకులు యూనియన్ పెట్టుకుని 2019లో తొలి ఒప్పందం కూడా సాధించుకున్నారు.

చివరగా ఇండియా మాట. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయినా, అసోసియేట్ ప్రొఫెసర్‌కి ఎనిమిదేళ్లు, ప్రొఫెసర్‌కి పదేళ్ల అనుభవం కావాలి. పరిశోధన అనుభవమూ లెక్కలోకి వస్తుంది గానీ అది అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో సమానమైన హోదాలో చేసిందై ఉండాలి. ప్రొఫెసర్ పోస్టుకి మామూలు దారిలో పీహెచ్‌డీ విద్యార్థికి గైడ్‌గా ఉన్న ఆధారం కూడా అడుగుతారు. రీసెర్చ్ ట్రాక్‌లో చాలామందికి ఆ అవకాశమే దొరకదు. అందుకే తిరిగొచ్చే ఆలోచన ఉన్నవాళ్లు, హోదా, తేదీలు, జీతం, ఎవరికి గైడ్‌గా ఉన్నారు అన్నవన్నీ రాసిన ఉత్తరం డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ మీద చేతికొచ్చాకే ఆ ఊరు వదలండి.