బావగారి శ్రమదానం

ఎవరైనా ఇబ్బందుల్లో ఉన్నట్టు కనిపిస్తే చాలు, మా బావగారు ఊరుకోలేరు. ఆ ఇబ్బంది ఏమిటో వాళ్ల నోటితో చెప్పేదాకా కూడా ఆగలేరు. ఒకసారి బస్సులో పక్క సీటు ఆయన కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చాడు. స్పృహ తప్పిందని బావగారు తీర్మానించి, సీసాలోని నీళ్లన్నీ ఆయన మొహాన చల్లారు. ఆ పెద్దమనిషి ఉలిక్కిపడి లేచాడు.

‘‘ఇప్పుడెలా ఉంది?’’ అని అడిగారు బావగారు, ఎంతో ఆప్యాయంగా.

‘‘ఇంతవరకూ బాగానే ఉంది’’ అన్నాడాయన.

అలాంటి మనిషి ఉద్యోగ విరమణ చేసి ఒక సేవాబృందం పెట్టారు. మొదటి శ్రమదానానికి కాలువగట్టు మీది ఒక పేటను ఎంచుకున్నారు. ఆ పేటలో మాకెవరికీ ఒక్క మనిషి కూడా తెలియదు. ముందుగా వెళ్లి ఎవరితోనైనా మాట్లాడి వద్దామా అంటే, ‘‘పరిచయాలు పెరిగితే పక్షపాతం వస్తుందోయ్’’ అన్నారు. ఆయన దగ్గర ప్రతి తొందరపాటుకూ ఒక సిద్ధాంతం సిద్ధంగా ఉంటుంది. ఉద్యోగంలో ఆయన పైకి రావడానికి అదే కారణమని మా అక్కయ్య అంటుంది.

వ్యానులో సున్నం డబ్బాలు, పలుగులు, పారలు, వాటన్నిటికంటే పొడవైన బ్యానరు. దారిలో నేను కాస్త పాండిత్యం ప్రదర్శించాను. కెన్యాలోని తుర్కానా సరస్సు ఒడ్డున నార్వే సాయంతో చేపలను గడ్డకట్టించే కర్మాగారం కట్టిన కథ చెప్పాను. రెండు కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి 1981లో పూర్తిచేశారు. అక్కడి తుర్కానా ప్రజల్లో ఎక్కువమంది పశువుల కాపరులు. పైగా అది మండుటెండల ప్రాంతం. చేపలను గడ్డకట్టించే యంత్రాలకయ్యే ఖర్చు, దానికి కావలసిన మంచినీళ్లు లెక్కేసుకునేసరికి గుండె గుభేలుమంది. కర్మాగారం కొద్ది రోజులు నడిచి మూతపడింది.

బావగారు తొడ చరిచి నవ్వారు. ‘‘ఎంత తెలివితక్కువ పని! ముందు ఆ కాపరులను ఒక్క మాట అడగొద్దూ?’’

ఆ ఊపులో పిల్లల రంగులరాట్నం కథ కూడా చెప్పాను. దక్షిణాఫ్రికాలో పుట్టిన ఆలోచన అది. పిల్లలు రాట్నం తిప్పుతూ ఆడుకుంటుంటే భూమిలోని నీరు పైనున్న తొట్టిలోకి ఎక్కుతుంది. వినడానికి ఎంత ముచ్చటగా ఉందంటే, 2006లో అమెరికాలో దీనికి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించారు. ఒక్కో పంపు 2,500 మందికి నీరు అందించాలన్నది లక్ష్యం. అలా అందాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని 2009లో ఒక బ్రిటన్ పత్రిక లెక్కగట్టింది. పిల్లలకు విసుగెత్తి వెళ్లిపోయాక, ఆ చక్రాన్ని చేతులతో తిప్పే పని చాలాచోట్ల ఆడవాళ్ల మీద పడింది.

‘‘రోజుకు ఇరవై నాలుగు గంటలే కదా’’ అన్నారు బావగారు అనుమానంగా.

‘‘అదే కదా బావగారూ చిక్కు.’’

‘‘మనకా చిక్కు లేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు ముగించేస్తాం.’’

నిజంగానే ముగించేశాం. సందు చివర అడ్డంగా ఒక రాళ్లగుట్ట ఉంది. బావగారి కంటికి అది చెత్త. దాన్ని ట్రాక్టరుకెత్తించి పంపించేశారు. దాని పక్కన ముళ్లకంప కనిపించింది, అదీ పోయింది. ఒక గోడ మీద ఎవరో గీసిన బొగ్గుగీతలు, వాటి పక్కన ఏవో అంకెలు. ‘‘చూడు, పిల్లలు గోడలెలా పాడుచేశారో’’ అంటూ రెండు పూతల సున్నం తానే స్వయంగా వేశారు.

ఇదంతా ఒక పెద్దావిడ తన అరుగు మీద కూర్చుని చూస్తోంది.

‘‘బాబూ, ఆ రాళ్లు...’’

‘‘మీరు కూర్చోండమ్మా. శ్రమంతా మాది.’’

‘‘అది కాదు నాయనా, ఆ గోడ...’’

‘‘తళతళలాడిపోతుంది, చూస్తూ ఉండండి.’’

ఆ తర్వాత ఆవిడ మాట్లాడలేదు. పక్కింటామెతో ఏదో అంటే ఇద్దరూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వును బావగారు కృతజ్ఞతల ఖాతాలో జమ చేసుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేము వెళ్లింది నడివేసవిలో. పల్లెలు చూడటానికి వెళ్లే అధికారులు, నిపుణులు ఎక్కువగా పొడి రోజుల్లోనే, అదీ తారు రోడ్డు వెళ్లినంత మేరకే చూసి వస్తారని, వానాకాలపు కష్టాలు వాళ్ల కంటబడవని బ్రిటన్ పరిశోధకుడు రాబర్ట్ చేంబర్స్ 1980లలోనే ఎత్తిపొడిచారు. ఈ సంగతి మాత్రం నేను వ్యానులో చెప్పలేదు. అప్పటికే అందరూ ఫొటోలకు జుట్టు దువ్వుకుంటున్నారు.

వానలు రానే వచ్చాయి. ఆ రాళ్లు కాలువ పొంగినప్పుడు నీటిని సందులోకి రానివ్వకుండా పక్క మురుగుకాలువలోకి మళ్లించే కట్ట అని పేటలో అందరికీ తెలుసు. అప్పుడు మాకూ తెలిసింది. బొగ్గుగీతలు ఏ ఏడు నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చెప్పే కొలతలు. నీరు ఏ గీత దాటితే సామాను అటక మీదికి ఎక్కించాలో వాళ్లు వాటిని చూసే తేల్చుకుంటారు. ముళ్లకంప ఎందుకుందో మటుకు వానలదాకా ఆగే పని లేకపోయింది. ఆ రాత్రే పశువులు కూరపాదుల్లోకి వచ్చి విపులంగా వివరించి వెళ్లాయట.

అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. నాలుగు ఇళ్లలో చాపలు తడిశాయి, అంతే. తెల్లటి గోడ మీద బురద చార మాత్రం చక్కగా, స్పష్టంగా పడింది. ఆ ఏడాది కొలత అలా దానంతట అదే నమోదైపోయింది.

సంగతి తెలిశాక బావగారు రెండు పూటలు అన్నం సరిగా తినలేదు. మళ్లీ ఆ పేటకు బయలుదేరారు. ఈసారి బ్యానరు లేదు. తోడు నేనొక్కణ్ణే. పెద్దావిడ అదే అరుగు మీద ఉంది. బావగారు ఎదురుగా నేల మీద కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. నోటిదాకా వచ్చిన సలహాలను ఒక్కొక్కటిగా మింగడం నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి అడిగారు:

‘‘అమ్మా, మమ్మల్ని ఏం చేయమంటారు?’’

పెద్దావిడ తాపీగా అంది: ‘‘ముందు మా రాళ్లు ఎక్కడ పోయించారో చెప్పండి నాయనా.’’

బావగారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ట్రాక్టరు ఎటు వెళ్లిందో ఇద్దరికీ గుర్తు లేదు. ‘‘ఫొటోల్లో ఉంటుంది, అన్నీ తీయించాను’’ అంటూ ఆయన ఆశగా ఫోను బయటికి తీశారు. ముగ్గురం తలలు దగ్గర పెట్టి వరసగా చూశాం. పారతో బావగారు, పలుగుతో బావగారు, సున్నం కుంచెతో బావగారు, ట్రాక్టరుకు అడ్డంగా నిలబడి చెయ్యి ఊపుతున్న బావగారు.

పెద్దావిడ ఆఖరి ఫొటోను పెద్దది చేయించి, కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

‘‘మీరు కాస్త పక్కకు జరిగి ఉంటే ఆ వెనక దారి కనిపించేది బాబూ’’ అంది.