ఇందిరకు ప్రధాని పదవి తండ్రి చేతి నుంచి రాలేదు

"నెహ్రూ పోతూపోతూ కూతురిని గద్దె మీద కూర్చోబెట్టాడు, ఆమెకు గాంధీ అన్న పేరు మహాత్ముడిచ్చిన అరువు, జనం ఆ పేరు చూసే ఓట్లేశారు" అన్న సందేశం బెంగళూరు తెలుగువారి ఫోన్లలో తెగ తిరుగుతోంది. అత్యవసర పరిస్థితి విషయంలో ఇందిరాగాంధీని నేను ఏనాడూ సమర్థించను. అయినా ఈ మూడు మాటల్లో ఒక్కటీ చరిత్రకు నిలవదు.

నెహ్రూ 1964 మే 27న కన్నుమూశారు. పూర్తికాలపు ప్రధానిగా ఆయన తర్వాత వచ్చినది లాల్ బహదూర్ శాస్త్రి. ఇందిర ఆయన మంత్రివర్గంలో సమాచార, ప్రసార శాఖను చూశారు. 1966 జనవరిలో శాస్త్రి తాష్కెంట్‌లో మరణించాక కాంగ్రెస్ ఎంపీలు ఓటు వేసి నాయకురాలిని ఎన్నుకున్నారు. ఆమెకు 355 ఓట్లు, మొరార్జీ దేశాయికి 169 వచ్చాయి. తండ్రి బతికుండగానే 1959లో ఆమె పార్టీ అధ్యక్షురాలయ్యారు కనుక, పుట్టిన ఇల్లు దారి చూపలేదని నేను అనను. కానీ 1966లో ఆమెను నిలబెట్టినది కామరాజ్ వంటి పార్టీ పెద్దలు, అదీ తమ మాట జవదాటదన్న నమ్మకంతో.

ఆ నమ్మకం వమ్మయినది మన ఊళ్లోనే. 1969 జులైలో బెంగళూరు లాల్‌బాగ్ గ్లాస్ హౌస్‌లో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు, పార్లమెంటరీ బోర్డు ఆమె ఇష్టానికి విరుద్ధంగా నీలం సంజీవరెడ్డిని రాష్ట్రపతి అభ్యర్థిగా నిర్ణయించింది. కొద్ది రోజుల్లోనే ఆమె మొరార్జీ నుంచి ఆర్థిక శాఖను తప్పించి, జులై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు. ఆగస్టులో జరిగిన రాష్ట్రపతి ఎన్నికలో ఆమె మొగ్గు చూపిన స్వతంత్ర అభ్యర్థి వి.వి. గిరి గెలిచారు, ప్రధాన ప్రత్యర్థులిద్దరూ తెలుగువారే కావడంతో ఆ పోరు మనకు మరీ దగ్గరది. నవంబరులో పార్టీ పెద్దలు ఆమెను బహిష్కరించారు. తండ్రి పేరు చాలినదైతే ఇంత పోరాటం అవసరమయ్యేదే కాదు.

ఇంటిపేరు సంగతి తేలికైనది. 1942లో ఆమె పెళ్లాడిన ఫిరోజ్ పార్సీ. గాంధీ అన్నది ఆయన కుటుంబం పేరు, గుజరాతీలలో లాగే పార్సీలలోనూ ఉన్న పేరు.

ఇక ఓట్లు. 1977లో అదే పేరుతో ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు, రాయబరేలీలో ఆమే రాజ్‌నారాయణ్ చేతిలో ఓడారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42కు 41 వచ్చాయి. చేజారిన ఒక్క నంద్యాలలో గెలిచినది సంజీవరెడ్డి. పేరు ఒక్కటే అయినప్పుడు రెండు చోట్లా రెండు తీర్పులెందుకు వచ్చాయో ఆ సందేశం చెప్పదు. 1978లో ఆమె చిక్కమగళూరు ఉప ఎన్నికలో వీరేంద్ర పాటిల్‌ను ఓడించి లోక్‌సభకు వెళ్తే, డిసెంబరులో సభ ఆమెను బహిష్కరించింది. 1980లో రాయబరేలీ, మెదక్ రెండూ గెలిచి, మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబరు 31న హత్యకు గురైన నాటికి ఆమె మన మెదక్ ఎంపీ.