పైపు సంగతి ఎవరికి పట్టింది?

గట్టి వాన పడితే హైదరాబాద్‌లో చాలా కాలనీల వాళ్లు గడ్డపార తెచ్చి మ్యాన్‌హోల్ మూత లేపేస్తారు. రోడ్డు మీది నీళ్లు సుడి తిరుగుతూ లోపలికి దిగిపోతాయి. కాసేపటికి అవే నీళ్లు మురుగుతో కలిసి పల్లపు వీధిలో మరో మ్యాన్‌హోల్ నుంచి పైకి తన్నుకొస్తాయి. మూత తెరవడం నేరమని నగరంలో తాగునీరు, మురుగునీటి వ్యవస్థ చూసే జలమండలి హెచ్చరిస్తూనే ఉంటుంది. వాననీటికి వేరే దారి లేని వీధిలో ఆ మాట వినేదెవరు?

1908 మూసీ వరద తర్వాత నిజాం పిలుపుమీద వచ్చిన ఇంజినీరు విశ్వేశ్వరయ్య, జలాశయాలతో పాటు నగరానికి డ్రైనేజీ పథకమూ ఇచ్చారు. జలాశయాల గురించి అందరూ చెప్పుకుంటారు. డ్రైనేజీ ఊసు ఎవరూ ఎత్తరు. ఇప్పుడూ అదే తంతు. గ్రేటర్ పరిధిలో రోజుకు 165 కోట్ల లీటర్ల మురుగు వస్తుంటే, శుద్ధి సామర్థ్యం 77.2 కోట్ల లీటర్లే ఉందని 2021లో 31 కొత్త ప్లాంట్లకు రూ.3,866 కోట్లు మంజూరు చేశారు. అవి అవసరమే, కాదనం. కానీ మురుగు ఇంటి నుంచి పైపు వెంట నేరుగా ప్లాంటుకు చేరుతుందనుకుంటే పొరపాటు. చాలాచోట్ల పైపు వెళ్లి వాననీరు పారే నాలాలో కలుస్తుంది. నాలాకు అడ్డుకట్ట వేసి ఆ నీటిని ప్లాంటుకు మళ్లిస్తారు. ఎండాకాలం పని నడుస్తుంది. వానాకాలం నాలా పొంగితే ప్లాంటు పట్టినంత పట్టుకుని, మిగతాది మూసీకి వదిలేయాల్సిందే.

ఇక పైపుల లోపల ఏముందో చూడాలంటే టిఫిన్ సెంటర్లున్న వీధిలో ఒక మూత తీయించండి. వాడిన నూనె చల్లారి సబ్బుముద్దలా గడ్డకట్టి ఉంటుంది. దానికి పాల కవర్లు, ప్యాడ్లు, ఇసుక అతుక్కుంటాయి. హోటళ్లు, అపార్ట్‌మెంట్లు సిల్ట్ ఛాంబర్, అంటే చెత్త, ఇసుక పైపులోకి పోకుండా ఆపే తొట్టి, కట్టాలన్న నిబంధన ఉంది. కట్టినవాళ్లలోనూ దాన్ని ఖాళీ చేయించేది ఎందరు? చోకేజ్ అయినప్పుడు ఫిర్యాదు, మెషిన్ రాక, నాలుగు రోజుల ఊరట. మళ్లీ మొదటికే.

ఈ నిర్లక్ష్యానికి ఖరీదు కట్టేది లోపలికి దిగే మనిషి. చేతులతో మలమూత్రాలు ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం, రక్షణ లేకుండా మ్యాన్‌హోళ్లలోకి మనుషుల్ని దించడాన్నీ నిషేధించింది. మ్యాన్‌హోల్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రూ.10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని రూ.30 లక్షలకు పెంచింది. ఇరుకు గల్లీల కోసం 2017లో జలమండలి, నీటిని బలంగా చిమ్మి పైపు శుభ్రం చేసే చిన్న జెట్టింగ్ వాహనాలను తెచ్చింది. అది మంచి పని. అవి చాలినన్ని ఉంటే, పిలిచిన పూటే వస్తే ప్రైవేటు మేస్త్రీ తాడు కట్టి కూలీని దించే అవసరం ఉండదు.

ప్లాంట్ల సామర్థ్యం లెక్కలు ప్రకటించే అధికారులు, ఏ డివిజన్‌లో ఎన్ని కిలోమీటర్ల పైపు శుభ్రం చేశారో కూడా నెలనెలా చెప్పాలి. సిల్ట్ ఛాంబర్ లేని హోటల్‌కు లైసెన్సు రెన్యువల్ ఆపాలి. జూన్ దాకా ఆగకుండా, టిఫిన్ సెంటర్ల వీధుల నుంచే మొదలుపెట్టొచ్చు.