స్మొక్తునోవ్‌స్కీ కష్టాలకు దండలు వేయకండి

రష్యన్ నటుడు ఇన్నొకెంతి స్మొక్తునోవ్‌స్కీ మాట ఎక్కడ వచ్చినా ఎవరో ఒకరు "ఆ కష్టాలే ఆయన్ని అంతటి నటుణ్ణి చేశాయి" అనేస్తారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

అసలా కష్టాలేమిటో చూడండి. 1925లో సైబీరియా పల్లెలో పుట్టాడు. పద్దెనిమిదేళ్ళకే కుర్స్క్ యుద్ధంలో ఉన్నాడు. 1943 డిసెంబరులో కీవ్ దగ్గర జర్మన్లకు చిక్కాడు. నెల రోజుల తర్వాత, ఖైదీలను నడిపించుకెళ్తుంటే వంతెన కింద దూరి తప్పించుకున్నాడు. ఒంట్లో సత్తువ లేనివాణ్ణి ఒక ఉక్రెయిన్ కుటుంబం దాచిపెట్టి బతికించింది. కోలుకోగానే పార్టిజాన్లతో, అంటే శత్రువు ఆక్రమించిన చోట పోరాడే గెరిల్లా దళాలతో కలిసి మళ్ళీ తుపాకీ పట్టాడు, ధైర్యానికి ఇచ్చే పతకం సంపాదించాడు. ఇంత చేసినవాడికి చివరికి దక్కింది అనుమానం! శత్రువు చేతికి చిక్కి బతికొచ్చాడు కాబట్టి పెద్ద నగరాల్లో ఉండకూడదంది సోవియట్ ప్రభుత్వం.

అరెస్టు భయంతో తనే ఆర్కిటిక్ వలయం అవతలి నొరీల్స్క్ వెళ్ళిపోయాడు. అది శిక్షా శిబిరాల ఊరు. అక్కడి నాటకశాలలో ఏళ్ళ తరబడి నటించి, ఆరోగ్యం పాడై బయటపడ్డాడు. తర్వాత మఖచ్‌కలా, స్టాలిన్‌గ్రాడ్ ఊళ్ళ నాటకశాలలు. 1955లో మాస్కో చేరేసరికి తలదాచుకునే చోటే లేదు.

లెనిన్‌గ్రాడ్ దర్శకుడు టొవ్‌స్టొనొగొవ్ ఒక యుద్ధ సినిమాలో ఆయన కళ్ళు చూసి, దొస్తొయెవ్‌స్కీ 'ఇడియట్' నాటకంలో మిష్కిన్ వేషానికి పిలిచాడు. ఎన్ని రిహార్సల్స్ చేసినా పాత్ర పట్టు దొరకలేదు. ఒకరోజు లెన్‌ఫిల్మ్ స్టూడియోలో జనం హడావుడిగా తిరుగుతుంటే, మధ్యలో ఒకాయన నిలబడి పుస్తకం చదువుకుంటున్నాడు. చుట్టూ ఉన్న గోలతో ఆయనకు పనే లేదు. ఆయన శిబిరాల్లో ఏళ్ళు గడిపి వచ్చిన మనిషని తర్వాత తెలిసింది. అలా నిలబడ్డ తీరులోనే స్మొక్తునోవ్‌స్కీకి మిష్కిన్ దొరికాడు. 1957 డిసెంబరు 31న తొలి ప్రదర్శన. ఆ తర్వాత ఆ నాటకం కోసం జనం విరగబడ్డారు.

"చూశారా, శిబిరమే నేర్పింది" అంటారేమో. కానే కాదు. ఆ స్టూడియోలో ఆ మనిషి పక్కనుంచి ఎంతమందో వెళ్ళిపోయారు, ఆగి చూసింది స్మొక్తునోవ్‌స్కీ. శిబిరం గురువే అయితే, ఆ మంచులో పోయిన నటులూ కవులూ సంగీతకారులూ అందరూ మహానుభావులై తిరిగి రావాలి కదా? ఎక్కడున్నారు వాళ్ళు? బతికి బయటపడిన ఒక్కడిని చూపించి చంపిన చేతికి మార్కులు వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

దర్శకుడు కొజింత్సెవ్ తీసిన 'హామ్లెట్' సినిమా 1964లో వచ్చింది, అందులో హామ్లెట్ స్మొక్తునోవ్‌స్కీయే. వీలైతే చూడండి. నన్ను పిల్లనగ్రోవిలా వాయిద్దామనుకున్నారా అని పాత మిత్రులను నిలదీసే ఘట్టంలో ఆయన ముఖం మీదనుంచి చూపు తిప్పుకోలేం. అప్పటికి ఆయనకు ముప్పై తొమ్మిదేళ్ళు. మరుసటి ఏడాది లెనిన్ బహుమతి ఇచ్చింది కూడా ఆ సోవియట్ ప్రభుత్వమే. పాతికేళ్ళ వయసులో మాస్కో రంగస్థలం మీద ఆయన వేయగలిగిన వేషాలను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.