చెరువు జియోలైట్ తాగితే అల్సర్ మానదు

భీమవరం, ఆకివీడు వైపు రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. సారం ఇదీ: "జియోలైట్ రాయిలో మందు గ్యాస్ ఉంటుందని విదేశీ శాస్త్రవేత్తలు తేల్చారు. చెరువులో చల్లే పొడి చెంచాడు మజ్జిగలో కలిపి తాగితే పొట్టలో ఆక్సిజన్ వదులుతుంది, అల్సర్ మానుతుంది, గ్యాస్ ట్రబుల్ పోతుంది. సహజమైన రాయి, హాని లేదు."

శాస్త్రవేత్తల మాటలో కొంత నిజం ఉంది. చిక్కంతా అక్కడే. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో రసెల్ మోరిస్ బృందం జియోలైట్లలో నైట్రిక్ ఆక్సైడ్ నింపి చూసింది. రక్తనాళాలను సడలించే వాయువు అది. దాని గురించిన పరిశోధనకే 1998లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. కడుపు లోపలి పొరకు రక్తం అందడంలోనూ దానికి పాత్ర ఉంది. కాబట్టి ఆలోచన గాలి కబురు కాదు. అయితే ఆ గ్యాస్ రాయితోపాటు పుట్టింది కాదు, మనుషులు ఎక్కించింది. ముందు జియోలైట్‌ను వాక్యూమ్‌లో బాగా వేడిచేసి సూక్ష్మ రంధ్రాల్లోని నీటిని వెళ్లగొట్టాలి. తర్వాత గ్యాస్ ఎక్కించి, తేమ తగలకుండా సీలు వెయ్యాలి. తడి తగిలిందా, నీరు ఆ చోటులోకి చేరి గ్యాస్‌ను బయటికి నెట్టేస్తుంది. మన షెడ్డులో మూతి విప్పి పడేసిన బస్తాలో ఉండేది ఉప్పుటేటి గాలి తేమే. పైగా మజ్జిగలో కలపమంటున్నారు!

ఆక్సిజన్ సంగతి పూర్తిగా తలకిందులు. కోవిడ్ అప్పుడు ఇళ్లలో పెట్టుకున్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లలో పనిచేసేదీ జియోలైటే. అది గాలిలోని నైట్రోజన్‌ను పట్టి ఉంచుతుంది, ఆక్సిజన్‌ను ముందుకు పోనిస్తుంది. సొంతంగా తయారుచేసి ఇవ్వదు. చెరువులోనూ దాని పని అమ్మోనియాను పట్టుకోవడం. ఉప్పునీటిలో సోడియం పోటీకొచ్చి ఆ పని కూడా బాగా తగ్గిపోతుంది. తెల్లవారుజామున డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోతే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు వేస్తాం కానీ జియోలైట్‌ను నమ్ముకుని పడుకుంటామా?

గ్యాస్ ట్రబుల్‌కూ అదే జవాబు: రంధ్రాలు నీటితో నిండిపోయాక పొట్టలో గ్యాస్ పీల్చడానికి చోటేదీ?

ఇక "సహజం, హాని లేదు". ఆర్సెనిక్ కూడా సహజమే. గనుల్లో తవ్వితీసే జియోలైట్లలో సీసం, ఆర్సెనిక్ లాంటివి ఉండొచ్చు. జియోలైట్ అంటేనే అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్‌ల అల్లిక. కొన్ని రకాలు కడుపులోని ఆమ్లానికి కరిగి అల్యూమినియం వదులుతాయి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు అది ప్రమాదం. చెరువులకని అమ్మే పొడి మనుషులు మింగడానికి తయారైంది కాదు.

అల్సర్లకు ఎక్కువగా కారణాలు రెండు: హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా, ఎడాపెడా మింగే నొప్పి బిళ్లలు. ఆ బ్యాక్టీరియాను గుర్తించిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. అది ఉందో లేదో చెప్పే పరీక్షలున్నాయి, ఉంటే యాంటీబయాటిక్ కోర్సుతో తగ్గించవచ్చు. నొప్పి బిళ్లలైతే ఏది మానాలో డాక్టరు చెబుతారు. మలం నల్లగా, జిగటగా వస్తుంటే లోపల రక్తం కారుతుండవచ్చు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.