కేసుకింత లెక్కతో ఊరి ఆరోగ్యం నడవదు

పాలమూరు నుంచి ముంబయి, పుణెలకు కూలికి పోయే మనిషికి బీపీ ఉందనుకుందాం. ఊళ్లో ఆశా కార్యకర్తే నచ్చజెప్పి సబ్ సెంటర్‌కు పంపింది, గోళీలు ఇప్పించింది. నెల గోళీలు నెలకే అయిపోతాయి. మనిషి నెలల తర్వాత గానీ ఊరి మొహం చూడడు. అక్కడ అడ్డా మీద ఆయన బీపీ గురించి అడిగే దిక్కుండదు. ఏదో ఒకరోజు పక్షవాతంతో ఇంటికి చేరితే, ఆ కుటుంబం మళ్లీ వెతికేది ఆ ఆశానే.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు వెయ్యి జనాభాకు ఒక ఆశా అన్నారు. ఉద్యోగి అనలేదు, స్వచ్ఛంద కార్యకర్త అన్నారు. జీతం అనకుండా పారితోషికం అన్నారు. పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్కకు ఒక్కో రేటు కట్టారు. ఆస్పత్రిలో కాన్పయితే 42 రోజుల్లో ఆరుసార్లు బాలింత ఇంటికి వెళ్లాలి, అన్నీ పూర్తయితే 250 రూపాయలు. టీబీ రోగి చేత కోర్సు మొత్తం మందులు మింగిస్తే 1,000.

ఈ లెక్క కాన్పుల విషయంలో పనిచేసిందని ఒప్పుకోవాల్సిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరిగాయి. ప్రాణాలతో పుట్టిన ప్రతి లక్ష మంది బిడ్డలకు తల్లుల మరణాలు 2014-16లో 81 ఉంటే, 2018-20 నాటికి 43కు తగ్గాయి. అర్ధరాత్రి 108కు ఫోన్ చేసి, గర్భిణి వెంట దవాఖానకు పోయి, తెల్లారేదాకా వరండాలో కూర్చున్న ఆడవాళ్ల కష్టం ఆ అంకెల్లో ఉంది. అదే సర్వేలో సిజేరియన్లు 60 శాతం దాటాయి. ఆ పాపం మాత్రం ఆశాది కాదు.

కాన్పుకు మొదలుంది, ముగింపుంది. బీపీకి, షుగర్‌కు ముగింపు లేదు. నెలనెలా తలుపు తట్టి, గోళీ వేసుకున్నావా అని అడిగి, మానేసినవాడిని బతిమాలి మళ్లీ దారికి తెచ్చే పని అది. దాన్ని ఏ ముక్క కింద రాస్తారు? అసలు కాన్పులకు కూడా ఈ లెక్క పూర్తిగా అతకదు. మన దగ్గర తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోతుంది. ఏడో నెల దాకా అత్తగారి ఊళ్లో ఆశా కంటికి రెప్పలా చూస్తే, పుట్టింటి ఊరి ఆశాకు అది కొత్త కేసు. రక్తం తక్కువుందన్న సంగతి రెండో ఆమెకు చేరితే చేరినట్టు, లేకుంటే లేదు.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు చూడండి. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాయి, సంతోషం. కానీ ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దవాళ్లు ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు. నొప్పి ఓర్చుకోలేనివాళ్లకు దగ్గర్లో దొరికేది ఆర్ఎంపీ ఇచ్చే నొప్పి గోళీ, లేదంటే సూది. ఏళ్ల తరబడి అవి వాడితే కిడ్నీకి ముప్పు. ఆ మాట నమ్మేలా చెప్పగలిగేది గడప తొక్కే ఆశానే. ఆమె మాట విని సబ్ సెంటర్‌కు పోయినవాళ్లు స్టాక్ లేదన్న జవాబుతో తిరిగొస్తే, ఊళ్లో పోయేది ఆమె మాటే. రెండోసారి చెబితే ఎవరు వింటారు?

అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటలకు, దేవరకొండ తండాలకు వెయ్యి జనాభాకు ఒకరన్న లెక్క ఎలాగూ పనికిరాదు. అక్కడ నడిచే దూరం చూసి మనిషిని పెట్టాలి.

2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటికి శంకుస్థాపనలు, శిలాఫలకాలు ఉంటాయి. ఆశాకు శిలాఫలకం ఉండదు కాబట్టి కాబోలు, ఆమె ఫైలు కదలదు. ఆశాల్లాంటి స్కీమ్ వర్కర్లను కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 2013లోనే 45వ భారత కార్మిక సదస్సు సిఫార్సు చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఆశాలకు అవార్డు ఇచ్చింది. రాష్ట్రంలో అదే ఏడాది నెల పారితోషికం 9,750 రూపాయలకు చేరింది. నెలకు 18 వేల ఫిక్స్‌డ్ వేతనం కోసం 2023లో సమ్మె చేశారు. ప్రభుత్వం మారాక 2024 డిసెంబర్‌లో కోఠిలో మళ్లీ రోడ్డెక్కారు.

18 వేలు ఎక్కువేమీ కాదని మా అభిప్రాయం. కేసుకింత లెక్క తీసేసి నెల జీతం ఇవ్వాలి, పీఎఫ్, ఈఎస్ఐ కల్పించాలి. ఎవరికి ఏ సర్వే గుర్తొచ్చినా ఆశాల మీద రుద్దడం ఆపాలి. జీతం పెంచితే పని తగ్గిస్తారని అధికారులు లోలోపల అనుకునే మాట ఒకటుంది. నెల జీతం తీసుకునే ఆ అధికారులే ఈ అనుమానం పడటం విచిత్రం.

వేతనం హైదరాబాద్‌లో తేలాలి. మందుల సంగతి మాత్రం జిల్లాల్లోనే కొంత తేల్చవచ్చు. ఈసారి వలసలు మొదలవకముందే ఆశాల చేత బీపీ, షుగర్, టీబీ ఉన్న వలస కూలీల జాబితా రాయించి, బయల్దేరే ముందు డాక్టర్ చూసి సరిపడా గోళీలు, ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో రాసిన చీటీ చేతికివ్వాలి. ఇందుకు మహబూబ్‌నగర్, నారాయణపేట, నల్లగొండ కలెక్టర్లు కొత్త జీవో కోసం ఆగక్కర్లేదు.