జూలై 1914: గుట్టు హామీల మూల్యం

మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలేమిటని అడిగితే మన హైస్కూలు విద్యార్థి తడుముకోకుండా చెబుతాడు: సామ్రాజ్యవాదం, సైనికవాదం, ఉగ్ర జాతీయవాదం, రహస్య కూటములు, తక్షణ కారణం సరయేవో హత్య. మార్కులు పడతాయి. జవాబులో తప్పు కూడా లేదు. కానీ అందులో మనిషన్నవాడు ఒక్కడూ కనబడడు. వాదాలు యుద్ధ ప్రకటనల మీద సంతకాలు చేయవు. చేసినవాళ్లకు పేర్లున్నాయి, పదవులున్నాయి, వద్దనుకుంటే ఆగడానికి వ్యవధీ ఉంది. 1914 జూన్ 28న హత్య జరిగింది. ఆగస్టు 4న బ్రిటన్ యుద్ధంలో దిగింది. ఈ మధ్యలోని 37 రోజుల్లో ఐదు రాజధానుల్లో ఏం జరిగిందో చూస్తే, ఆ యుద్ధాన్ని విధి రాసిన రాత అనడం ఎంత సోమరి మాటో అర్థమవుతుంది.

దేశాలన్నీ అంచు మీంచి జారి మరుగుతున్న కాగులో పడ్డాయని బ్రిటన్ నేత లాయిడ్ జార్జ్ ఆ తర్వాత ఎప్పుడో రాసుకున్నారు. ఆయన ఆ నాటి మంత్రివర్గంలో ఉన్నవారే. జారిపడ్డాం అంటే తోసినవాడు లేడని అర్థం వస్తుంది. అధికారంలో ఉండి నిర్ణయాలు తీసుకున్నవారికి ఇంతకన్నా హాయినిచ్చే వివరణ మరొకటి ఉండదు. యుద్ధం ముగిశాక కుదిరిన వెర్సాయ్ సంధిలోని 231వ అధికరణం దీనికి సరిగ్గా అవతలి కొస. నష్టానికంతటికీ జర్మనీ, దాని మిత్రులే బాధ్యులని తేల్చి, ఆ పునాది మీదే 1921లో 13,200 కోట్ల బంగారు మార్కుల బిల్లు వేశారు. తిలాపాపం తలా పిడికెడు అని అందరికీ సమానంగా పంచేయడం మాకు సమ్మతం కాదు. ఒక్కరి నెత్తినే మొత్తం రుద్దడమూ సమ్మతం కాదు. వాటాలున్నాయి. అవి సమానం కావు.

మొదటి వాటా ఆస్ట్రియా-హంగరీ రాజధాని వియన్నాది. ఆస్ట్రియా-హంగరీ యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను, ఆయన భార్య సోఫీని కాల్చిన గవ్రిలో ప్రిన్సిప్ వయసు 19 ఏళ్లు. అతడు బోస్నియా సెర్బు, ఆస్ట్రియా ఏలుబడిలోనివాడే. ఆయుధాలు మాత్రం సెర్బియా నుంచి, ఆ దేశ సైనిక గూఢచారి విభాగాధిపతి దిమిత్రియెవిచ్ మనుషుల చేతుల మీదుగా వచ్చాయి. అంటే వియన్నా ఆగ్రహానికి కారణం లేకపోలేదు. ఆ ఆగ్రహంతో అది ఏం చేసిందన్నదే ప్రశ్న. దర్యాప్తుకు సరయేవో వెళ్లిన ఆస్ట్రియా అధికారి వీస్నర్, సెర్బియా ప్రభుత్వానికి కుట్ర తెలుసనడానికి ఆధారం లేదని జూలై 13న తంతి పంపాడు. అప్పటికే నిర్ణయం జరిగిపోయింది. సర్వసేనాని కాన్రాడ్ ఏళ్ల తరబడి సెర్బియాపై యుద్ధం కావాలని పోరుతున్నవాడే. హంగరీ ప్రధాని తీసా ఒక్కడే కొన్నాళ్లు అడ్డుపడ్డాడు. చివరికి ఆయనా మెత్తబడ్డాడు. సైనికుల్లో చాలామంది కోతల సెలవు మీద పొలాల్లో ఉన్నారు. వాళ్లు తిరిగొచ్చేదాకా యుద్ధం మొదలెట్టడానికి లేదు. హత్యకు యూరప్ ఇంకా కన్నీళ్లు పెడుతున్న రోజుల్లో కొడితే ఏమయ్యేదో గానీ, కోతలయ్యే సరికి ఆ సానుభూతి ఆవిరైంది.

వియన్నాకు అంత ధైర్యం ఎక్కడిది? బెర్లిన్ నుంచి. జూలై 5న హోయోస్ అనే దూత బెర్లిన్ వెళ్లాడు. ఆ మధ్యాహ్నం జర్మనీ చక్రవర్తి కైజర్ విల్‌హెల్మ్, మరునాడు ఛాన్సలర్ బెత్‌మన్ హోల్వెగ్ చెప్పిన మాట ఒక్కటే: మీరేం చేసినా మేం మీ వెంట ఉంటాం. చరిత్రకారులు దీన్ని ఖాళీ చెక్కు అంటారు. 1879 నాటి ఒడంబడిక ప్రకారం చూస్తే, ఆస్ట్రియాపై రష్యా దాడి చేస్తేనే జర్మనీ ఆదుకోవాలి. ఆస్ట్రియా తనంతట తాను ఒక పొరుగు దేశం మీద పడితే ఆదుకోవాలని అందులో లేదు. ఆ షరతును బెర్లిన్ తానే చెరిపేసింది, పార్లమెంటుకు మాటమాత్రం చెప్పకుండా. మరునాడు కైజర్ నార్వే తీరానికి నౌకావిహారం వెళ్లిపోయాడు. రష్యా సైనిక విస్తరణ 1917కల్లా పూర్తవుతుందని, ఎలాగూ రానున్న యుద్ధం అంతకు ముందే రావడం మేలని జర్మన్ సేనాపతి మోల్ట్‌కే బృందం లెక్క. యుద్ధం ఎంత త్వరగా వస్తే అంత మేలన్న మాట మోల్ట్‌కే కైజర్ సమక్షంలో 1912 డిసెంబరులోనే అన్నాడు.

ఆ పైన నడిచిందంతా దౌత్యం వేషం వేసుకున్న మోసం. ఫ్రాన్స్ అధ్యక్షుడు పొయాంకరే, ప్రధాని వివియానీ అప్పుడు రష్యా రాజధాని పీటర్స్‌బర్గ్‌లో అతిథులు. వారు అక్కడుండగా అల్టిమేటం ఇస్తే ఇద్దరు మిత్రులూ అక్కడికక్కడే కూడబలుక్కుంటారు. అందుకని వాళ్ల ఓడ కదిలే వేళ చూసుకుని, జూలై 23 సాయంత్రం ఆరింటికి సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో కాగితం అందించారు. డిమాండ్లు పది, గడువు 48 గంటలు. దర్యాప్తులో మా అధికారులు పాల్గొనాలన్న డిమాండు ఏ స్వతంత్ర దేశమూ ఒప్పుకోనిది. ఒప్పుకోకూడదనే అలా రాశారు. సెర్బియా ప్రధాని పాషిచ్ 25న గడువు ముగిసే ముందు జవాబు తెచ్చాడు. చాలా డిమాండ్లకు తలొగ్గి, దర్యాప్తు విషయంలో కాదని, మీకు తృప్తి లేకపోతే హేగ్ న్యాయస్థానానికో అగ్రరాజ్యాలకో వదిలేద్దామన్నాడు. ఆస్ట్రియా రాయబారి గీస్ల్ దాన్ని ఒకసారి చూసి, ఆరున్నర రైలెక్కి వెళ్లిపోయాడు.

28 ఉదయం కైజర్‌కు ఆ జవాబు చదివే తీరిక చిక్కింది. చదివి, వియన్నాకు గొప్ప నైతిక విజయం దక్కింది, యుద్ధానికి ఇక కారణమే లేదని తానే రాశాడు. ఆస్ట్రియా బెల్‌గ్రేడ్‌ను తాకట్టుగా పట్టుకుని అక్కడే ఆగితే చాలన్నాడు. ఛాన్సలర్ ఈ మాటను వియన్నాకు ఆ రాత్రి దాకా పంపలేదు. పంపినప్పుడు, యుద్ధానికి కారణం లేదన్న ముక్క తీసేశాడు. ఆలోగా వియన్నా పని ముగించింది. సెర్బు సేనలు తెమెష్ కుబిన్ దగ్గర కాల్పులు జరిపాయన్న ధ్రువపడని వార్త చూపి, 83 ఏళ్ల చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ చేత విదేశాంగ మంత్రి బెర్క్‌టోల్డ్ సంతకం చేయించాడు. పంపే ప్రకటనలోంచి మాత్రం ఆ వార్తను కొట్టేశాడు. తంతి ద్వారా యుద్ధం ప్రకటించారు. మర్నాడు బెల్‌గ్రేడ్ మీద గుళ్లు పడ్డాయి. ఇందులో జారిపడటం ఎక్కడుంది?

రష్యా వాటా కూడా చిన్నది కాదు. బోస్నియాను 1908లో ఆస్ట్రియా కలిపేసుకున్నప్పుడు, మరు ఏడు జర్మనీ బెదిరిస్తే రష్యా తల వంచింది. మళ్లీ వంచితే బాల్కన్లలో పరువు మిగలదన్నది విదేశాంగ మంత్రి సజోనోవ్ వాదన. జూలై 29న సంపూర్ణ సైనిక సమీకరణకు ఆజ్ఞ ఇచ్చిన రష్యా చక్రవర్తి జార్ నికొలస్, కైజర్ తంతి చూసి అదే రాత్రి వెనక్కి తీసుకున్నాడు. బావామరదుల వరసైన ఈ ఇద్దరు ఏలికలూ ఇంగ్లిష్‌లో తంతులు ఇచ్చిపుచ్చుకున్నారు. సెర్బియా తగవును హేగ్‌కు పంపుదామని జార్ ఒక తంతిలో అడిగాడు కూడా. 1899లో హేగ్ శాంతి సదస్సుకు పిలుపునిచ్చింది ఆయనే కదా. ఆ మాట మీద బెర్లిన్ చర్చే జరపలేదు. 30వ తేదీ మధ్యాహ్నం సజోనోవ్ జార్ మనసు మళ్లీ మార్చాడు. పొరుగున అరకోటి సేన కదిలితే జర్మనీ చేతులు ముడుచుకోదని పీటర్స్‌బర్గ్‌కు తెలియనిదేమీ కాదు. కానీ ఆ కదలికే బెర్లిన్‌కు వరమైంది. మేం దాడికి గురైనవాళ్లమని సొంత ప్రజల ముందు నిలబడే వీలు దొరికింది. జూలై 28న యుద్ధం వద్దని బెర్లిన్ వీధుల్లోకి లక్షమందికి పైగా జనాన్ని తెచ్చిన సోషల్ డెమోక్రాట్లు, వారం తిరిగేసరికి యుద్ధ రుణాలకు ఓటేశారు. ప్రభుత్వం పనితనం అద్భుతమని కైజర్ కొలువులోని అడ్మిరల్ ముల్లర్ ఆగస్టు 1న డైరీలో మెచ్చుకున్నాడు.

ఆ చివరి రోజుల్లో ఎవరి మాట ఎవరు వినాలో కూడా తెలియలేదు. ఛాన్సలర్ మధ్యవర్తిత్వానికి ఒప్పుకోమని వియన్నాకు తంతి కొడుతుంటే, సేనాపతి మోల్ట్‌కే రష్యా మీదికి సేనల్ని కదపమని కొడుతున్నాడు. బెర్లిన్‌లో ఏలుతున్నదెవరు, మోల్ట్‌కేనా, బెత్‌మన్‌నా అని బెర్క్‌టోల్డ్ అడిగాడట. ఆగస్టు 1న కైజర్, ఫ్రాన్స్‌ను వదిలి తూర్పుకే సేనల్ని తిప్పమంటే కుదరదన్నాడు మోల్ట్‌కే. నిజంగానే కుదరదు. తూర్పు దిశ యుద్ధ పథకాన్ని జర్మన్ సైన్యం 1913లోనే పక్కన పడేసింది. రష్యాతో తగువొచ్చినా ముందు బెల్జియం మీదుగా ఫ్రాన్స్‌ను కొట్టాల్సిందే. దౌత్యవేత్తలకు ఇంకా వారం వ్యవధి ఉందనుకుంటున్న వేళ, రైళ్ల టైంటేబుల్ ఆ వారాన్ని మింగేసింది.

లండన్ సంగతి వేరు. విదేశాంగ మంత్రి ఎడ్వర్డ్ గ్రే జూలై 26న నాలుగు దేశాల సమావేశం పెడదామన్నారు. ఆయన శాంతి కోరారనడంలో సందేహం లేదు. అయితే ఫ్రాన్స్ సైన్యాధికారులతో బ్రిటన్ అధికారులు 1906 నుంచి గుట్టుగా మంతనాలు సాగిస్తున్నారు. మంత్రివర్గంలో చాలామందికి ఈ సంగతి 1911 దాకా తెలియదు. ఫ్రాన్స్ తన నౌకాదళాన్ని మధ్యధరాకు తరలించింది, ఉత్తర తీరాన్ని బ్రిటన్ చూసుకుంటుందన్న నమ్మకంతో. ఇది హామీయా, కాదా? పారిస్‌కు హామీలా వినిపించింది. పార్లమెంటుకు కాదని చెప్పారు. బెర్లిన్‌కు స్పష్టంగా ఏమీ చెప్పలేదు. ఫ్రాన్స్ చిక్కుకుంటే మేం పక్కన నిలబడలేమని జర్మన్ రాయబారి లిక్నోవ్‌స్కీకి గ్రే సూటిగా చెప్పింది జూలై 29న. ఆ మాట మూడు వారాల ముందు చెప్పి ఉంటే కైజర్ చెక్కు మీద అంత తేలిగ్గా సంతకం పెట్టేవాడా అన్నది ఊహే. కానీ చెప్పకపోవడం మాత్రం నిర్ణయమే. ఈ మంతనాల గురించి 1912లో ఫ్రాన్స్ రాయబారికి రాసిన లేఖను గ్రే కామన్స్ సభలో చదివింది 1914 ఆగస్టు 3న. సభ్యులు దాన్ని అంతకు ముందెన్నడూ వినలేదు.

పత్రికలుగా మా కులానికీ ఇందులో వాటా ఉంది. ఆ జూలై చివరి వారంలో పారిస్ పత్రికల మొదటి పేజీలు, ‘ఫిగారో’ సంపాదకుణ్ణి కాల్చి చంపిన మాజీ ప్రధాని భార్య మదాం కైయో విచారణతో నిండిపోయాయి. లండన్ పత్రికలకు ఐర్లాండ్ స్వపరిపాలన గొడవ చాలింది. ఖాళీ చెక్కు సంగతి ఒక్క విలేకరికీ అందలేదు.

ఆనాటి ఒప్పందాల తీరే అది. ఫ్రాన్స్-రష్యా సైనిక ఒప్పందం షరతులు ఫ్రెంచి పార్లమెంటుకు తెలియవు. జర్మనీ, ఆస్ట్రియాల మిత్రపక్షమైన ఇటలీ 1902లోనే ఫ్రాన్స్‌కు చాటుగా తటస్థ వాగ్దానం చేసింది. 1915లో లండన్‌లో మరో రహస్య ఒప్పందం కుదుర్చుకుని పాత మిత్రుల మీదే యుద్ధానికి దిగింది. కూటములు యుద్ధాన్ని తెచ్చాయన్నది పూర్తి నిజం కాదని ఇటలీయే సాక్ష్యం: ఒప్పందం ఉన్నా వీలు కాదనుకున్న దేశం పక్కకు తప్పుకుంది. గుట్టు విప్పింది రష్యాలో విప్లవంతో గద్దెనెక్కిన బోల్షివిక్కులు. 1917 నవంబరులో జార్ కాలం నాటి రహస్య ఒప్పందాలన్నీ బయటపెట్టారు. మరుసటి జనవరిలో అమెరికా అధ్యక్షుడు విల్సన్ తన 14 సూత్రాల్లో మొదటిదిగా బహిరంగ ఒప్పందాలనే పెట్టారు. ఐక్యరాజ్య సమితి చార్టర్ 102వ అధికరణం అక్కణ్ణుంచి వచ్చిందే: నమోదు చేయించని ఒప్పందాన్ని సమితి వేదికలపై చూపి హక్కు అడగడానికి వీల్లేదు.

ఈ కథలో మనకు తెలిసిన పేరు ఒకటుంది. మింటో-మార్లే సంస్కరణల మార్లే. భారత వ్యవహారాల మాజీ మంత్రి అయిన ఆయన, యుద్ధానికి ఒప్పుకోలేక ఆగస్టులో మంత్రివర్గం నుంచి వైదొలిగారు. జాన్ బర్న్స్ రెండోవారు. బ్రిటిష్ మంత్రికి రాజీనామా చేసే స్వేచ్ఛయినా ఉంది. భారతదేశాన్ని ఎవరూ అడగనే లేదు. లండన్ యుద్ధంలో ఉంటే మనమూ ఉన్నట్టే. తెలుగువారికీ రాజధానిగా ఉన్న మద్రాసు మీద సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్డెన్ గుళ్లు కురిపించి చమురు ట్యాంకులు తగలబెట్టేసరికి గానీ, సరయేవో ఎంత దగ్గరో ఇక్కడివారికి తెలియలేదు. 13 లక్షల మందికి పైగా భారతీయులు ఆ యుద్ధంలో పనిచేశారు. సుమారు 74 వేలమంది తిరిగి రాలేదు. 1939లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో మళ్లీ అలాగే మనల్ని అడగకుండా యుద్ధంలోకి దింపితే, మద్రాసులో రాజాజీ ప్రభుత్వంతో సహా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి.

స్వతంత్ర భారత రాజ్యాంగంలో యుద్ధం, శాంతి, విదేశీ ఒప్పందాలు కేంద్ర జాబితాలో ఉన్నాయి. వాటిపై చట్టం చేసే అధికారం పార్లమెంటుదే. కానీ ఒప్పందం మీద సంతకానికి ముందు పార్లమెంటు సమ్మతి తీసుకోవాలన్న నియమం లేదు. అలాంటి చట్టం ఏ ప్రభుత్వమూ తేలేదు. రక్షణ ఒప్పందాలనైనా, మన సైన్యాన్ని మరో దేశం తగువుకు కట్టేసే హామీలనైనా సభ ముందు పెట్టాలని మేం కోరుతున్నాం. గోప్యత పోతుందన్న అభ్యంతరం వస్తుందని తెలుసు. అవసరమైతే తలుపులు మూసి రహస్య సమావేశం జరుపుకొనే వీలు లోక్‌సభ నిబంధనల్లో ఇప్పటికే ఉంది.